పడు వస్తువు వేగము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇట్టి ఉత్సవ సమయములందు కవిత్వమును గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఈ సాయంకాలపు ప్రసంగమునకు విషయము ఒక రాయి. చేతినుండి జారి బావిలో పడు సామాన్యమైన రాయి. అది అడుగును తాకునప్పటికి ఎంత వేగముతో పోవుచుండును? బావి లోతు మాత్రము తెలిసియున్నచో, ఆ వేగమును ఏ యంత్రముతోను పనిలేకయే లెక్కవలన తెలిసికొనవచ్చునా? తెలిసికొనవచ్చును. ఆ లెక్క ఎనిమిదవ తరగతి బాలుడు నోటితో చేయదగినంత సులభమైనది. కాని దానిని కనుగొనుటకు లోకమునకు సుమారు రెండువేల యేండ్లు పట్టినది.

మొదట ఒక ప్రశ్న. ఊరిలో రెండు బావులు కలవనుకొందురు గాక. ఒకటి 25 అడుగుల లోతు, రెండవది 100 అడుగుల లోతు. రెండును ఎండిపోయినవే. రెండింటి గట్టులపై నుండియు ఒక్కొక్క రాయిని విడిచిరి. లోతైన బావిలోని రాయి మొదటిదానికంటె ఎన్ని రెట్లు వేగముగా అడుగును తాకును? లోతు నాలుగు రెట్లు గనుక వేగమును నాలుగు రెట్లే యని చాలమంది తడుముకొనక చెప్పుదురు. సరియైన సమాధానము రెండు రెట్లు. రెండవ ప్రశ్న. పది కిలోల రాయిని, ఒక కిలో రాయిని ఒకే యెత్తునుండి ఒక్కసారి విడిచినచో ఏది ముందుగా నేలను తాకును? పెద్దదే యని మనస్సు చెప్పును. రెండును దాదాపు ఒక్కసారే తాకును.

ఈ రెండు ప్రశ్నలకును తప్పు సమాధానములు చెప్పినవారు సిగ్గుపడ నక్కరలేదు. మొదటి ప్రశ్నకు గెలీలియో అంతటివాడు తప్పుదారి పట్టెను. రెండవదానికి అరిస్టాటిల్ అంతటివాడు తప్పు చెప్పెను.

క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున గ్రీసు దేశమందు వెలసిన అరిస్టాటిల్, బరువైన వస్తువు తేలికదానికంటె వేగముగా పడుననియు, బరువు ఎంత హెచ్చినచో వేగమును అంత హెచ్చుననియు భావించెను. ఆయన కన్నులు మూసికొని చెప్పినమాట కాదది. రావియాకు మెల్లగా ఊగుచు దిగును, రాయి దభాలున పడును. చూచినదానిని చూచినట్లే చెప్పెను. చూచినదానిలో గాలి చేయు పనిని వేరుచేసి చూడకపోవుటయే అక్కడి లోపము. 6వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరవాసియగు జాన్ ఫిలోపొనస్ అనునతడు, మిక్కిలి బరువు తేడా గల రెండు వస్తువులను విడిచినను అవి పడు కాలములలో తేడా మిక్కిలి స్వల్పమని వ్రాసియుంచెను. ఆ మాటను విన్నవారు తక్కువ.

భారతదేశమున భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన సిద్ధాంత శిరోమణియందు, భూమికి ఆకర్షించు శక్తి కలదనియు, ఆకాశమందలి బరువైన వస్తువును అది తనవైపు లాగుకొనుననియు, దానినే లోకులు పడుట యందురనియు చెప్పెను. మిక్కిలి గొప్ప మాట. అయితే పడునప్పుడు వేగము ఏ లెక్కన పెరుగునను ప్రశ్న ఆ శ్లోకమున లేదు. ఆయన అడుగని ప్రశ్నకు ఆయన నోట సమాధానము చెప్పించుట ఆయనకు గౌరవము కాదు.

1586లో ఫ్లాండర్స్ దేశీయుడగు సైమన్ స్టెవిన్ తన అనుభవమును ప్రకటించెను. ఆయనయు, డెల్ఫ్ట్ నగరవాసియగు ఆయన మిత్రుడును రెండు సీసపు గుండ్లను తీసికొనిరి. ఒకటి రెండవదానికి పదిరెట్లు బరువు. వానిని 30 అడుగుల ఎత్తునుండి ఒక చెక్కపలకపై విడిచిరి. రెండును పలకను తాకిన చప్పుడు ఒక్క చప్పుడుగా వినవచ్చెను. పీసా నగరపు ఒరిగిన గోపురముపై నుండి గెలీలియో గుండ్లను విడిచెనను కథ లోకమున మిక్కిలి ప్రసిద్ధము. దానిని వ్రాసినవాడు ఆయన శిష్యుడగు వివియాని. అది జరిగెనా, జరుగలేదా యని చరిత్రకారులు నేటికిని వాదించుకొనుచునే యున్నారు. జరుగకపోయినను నష్టము లేదు. గోపురమెక్కకయే, కూర్చున్నచోటనే, అరిస్టాటిల్ మాటలోని చిక్కును గెలీలియో ఇట్లు బయటపెట్టెను.

పెద్దరాయి వేగముగాను, చిన్నరాయి మెల్లగాను పడుననుకొందము అని వాదమును మొదలిడుడు. ఇప్పుడు ఆ రెండింటిని త్రాటితో కలిపి కట్టి విడువుడు. మెల్లగా పడు చిన్నరాయి పెద్దదానిని వెనుకకు లాగవలెను గనుక, జంట పెద్దరాతికంటె మెల్లగా పడవలెను. కాని రెండును కలిసిన మూట పెద్దరాతికంటె బరువైనది గదా! కావున అది పెద్దరాతికంటె వేగముగా పడవలెను. ఒకే మూట ఒకే సమయమున మెల్లగాను, వేగముగాను ఎట్లు పడగలదు? మొదట అనుకొన్న మాటయే తప్పు. త్రాడు కట్టినను, కట్టకున్నను రెండు రాళ్ళును ఒకే తీరున పడుననుట తప్ప ఈ చిక్కునుండి బయటపడు త్రోవ లేదు. రెండు రాళ్ళు, ఒక త్రాడు, ఇంతకుమించి ఈ వాదమునకు ఖర్చు లేదు. శాస్త్ర చరిత్రయందు ఇంత చౌకగా గెలిచిన వాదములు అరుదు.

ఇక అసలు చిక్కు. పడు వస్తువు వేగము క్షణక్షణము పెరుగుచుండుట ఎల్లరు ఎరిగినదే. చేయెత్తునుండి పడిన టెంకాయను పట్టుకొనవచ్చును. చెట్టునుండి పడుచున్నదాని దరికి ఎవ్వరును పోరు. అయితే ఆ పెరుగుట దేనిని బట్టి? పడిన దూరమును బట్టియా, గడచిన కాలమును బట్టియా?

దూరమును బట్టియే యనిపించుట సహజము. రెండింతల దూరము పడినచో రెండింతల వేగము. బావుల ప్రశ్నకు నాలుగు రెట్లని చెప్పినవారి మనస్సులో నున్నదియు ఇదియే. 1604లో గెలీలియో తన మిత్రుడగు పావొలో సార్పికి వ్రాసిన లేఖలో ఈ మాటయే వ్రాసెను. పిమ్మట ఆయనయే దానిని విడిచిపెట్టెను. విడిచిపెట్టక తప్పదు. వేగము దూరమును బట్టి కలుగునదైనచో, ఇంకను కొంచెమైనను పడని వస్తువునకు వేగమే లేదు. వేగము లేనిది కదలదు. కదలనిది దూరము పోదు. దూరము పోనిదే వేగము రాదు. చేతిని తీసివేసినను రాయి గాలిలోనే నిలిచిపోవలసివచ్చును! కాలమునకు ఈ చిక్కు లేదు. రాయి కదలినను, కదలకున్నను కాలము గడచుచునే యుండును. గడచిన ప్రతి సెకండునకును ఒకే మొత్తమున వేగము కూడుచుండుననుట గెలీలియో చేరుకొన్న సత్యము.

దీనిని పరీక్షించుట ఎట్లు? పడు రాయి కంటికి ఆనదు. సెకండ్లను సరిగా చూపు గడియారము ఆనాడు లేదు. అందువలన ఆయన పడుటనే నెమ్మదిపరచెను. సుమారు 12 మూరల పొడవు గల దూలమును తీసికొని, దాని అంచున వ్రేలి వెడల్పునకు కొంచెము మించిన గాడి తీయించి, ఆ గాడిని నున్నగా చేయించి, లోపల తోలుకాగితము అంటించి, దూలము యొక్క ఒక కొనను కొంచెము ఎత్తి, గుండ్రని కంచు గుండును అందులో దొర్లించెను. కాలమును కొలుచుటకు ఒక పెద్ద నీటిపాత్ర అడుగున సన్నని గొట్టమమర్చి, గుండు దొర్లునంతసేపు కారిన నీటిని చిన్న పాత్రలో పట్టి, త్రాసులో తూచెను. తెలుగునాట పూర్వము గడియలను కొలిచిన నీటిగిన్నె ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. ఒక్కొక్క కొలతను పలుమారులు, మొత్తముమీద నూరుమారులు చేసి చూచితినని ఆయన వ్రాసికొనెను. ఫలము ఎప్పుడును ఒక్కటే. కాలము రెండు రెట్లైనచో దూరము నాలుగు రెట్లు, కాలము మూడు రెట్లైనచో దూరము తొమ్మిది రెట్లు.

ఈ సంగతులన్నియు ఉన్న గ్రంథము 1638లో హాలెండు దేశమందలి లైడెన్ నగరమున అచ్చుపడినది. ఇటలీ దేశస్థుని గ్రంథము హాలెండులో ఏల అచ్చుపడవలెను? భూమి సూర్యుని చుట్టును తిరుగుచున్నదని వాదించినందుకు 1633లో మతాధికారులు గెలీలియోను విచారించి, యావజ్జీవము గృహనిర్బంధమున ఉంచిరి. ఆయన గ్రంథములను అచ్చువేయుటను నిషేధించిరి. గ్రంథము అచ్చై వెలువడునప్పటికి ఆయనకు 74 ఏండ్లు, కన్నులు రెండును పోయినవి. అందులో ముగ్గురు మిత్రులు నాలుగు దినములు కూర్చుండి సంభాషింతురు. ఒకడు అరిస్టాటిల్ పక్షము వహించి అడుగుచుండును, ఒకడు సమాధానము చెప్పుచుండును, మూడవవాడు తెలివిగల శ్రోత. అరుగుమీది మాటలవలె నడచు శాస్త్రగ్రంథమది. నిర్బంధమున నున్న వృద్ధుని చేతినుండి వ్రాతప్రతి దేశము దాటి పోయినది గనుక ఈ లెక్క లోకమునకు దక్కినది.

ఆయన మాటను పరీక్షింప బూనినవారిలో బొలోన్యా నగరమందలి జెసూటు గురువగు రిచ్చొలి ఒకడు. ఆయన గెలీలియో పక్షమువాడు కాడు, తప్పు దొరకుననియే ఆశించెను. పట్టుదల గలవాడగుటచే మొదట కాలమును సరిగా కొలుచు లోలకమును సిద్ధపరచుకొనెను. తోటి గురువులను కూర్చుండబెట్టి, రేయింబవళ్ళు లోలకపు ఊపులను లెక్కింపజేసెను. పిదప ఆ నగరమందలి అసినెల్లి గోపురము పైనుండి గుండ్లను విడిచి చూచెను. గెలీలియో చెప్పిన లెక్కయే వచ్చెను. వచ్చినదానిని దాచక 1651లో తన గ్రంథమున ప్రకటించెను. గెలీలియోను మెచ్చుకొనువారు ఈ రిచ్చొలిని కూడ కొంచెము తలచుకొనుట న్యాయము.

ఇక లెక్క. చేతినుండి జారిన రాయికి మొదట వేగము లేదు. ఒక సెకండు గడచునప్పటికి దాని వేగము సెకండునకు 32 అడుగులు. రెండు సెకండ్లకు 64, మూడింటికి 96. ప్రతి సెకండునకు 32 చొప్పున కూడుకొనుచు పోవును. నేటి బడి పుస్తకములలో దీనినే సెకండునకు 9.8 మీటర్ల చొప్పున అని వ్రాయుదురు. రెండును ఒక్కటే. బావుల లోతు ఇప్పటికిని అడుగులలో చెప్పుకొనుట వాడుక గనుకను, అడుగులలో ఈ లెక్క ముచ్చటగా కుదురును గనుకను ఇక్కడ అడుగులే వాడబడినవి.

మొదటి సెకండులో రాయి ఎంత దూరము పడును? 32 అడుగులనుట తొందరపాటు. సెకండు మొదట వేగము సున్న, చివర 32. పెరుగుట సమముగా ఉన్నది గనుక సగటు 16. కావున 16 అడుగులు. రెండు సెకండ్లలో సగటు వేగము 32, దూరము 64 అడుగులు. మూడు సెకండ్లలో సగటు 48, దూరము 144 అడుగులు. ఈ సగటు తీయు ఉపాయము 14వ శతాబ్దమున ఆక్స్‌ఫర్డు పండితులు కనిపెట్టినది. విడివిడిగా చూచినచో మొదటి సెకండులో 16, రెండవ సెకండులో 48, మూడవ సెకండులో 80 అడుగులు. 16 ఒక భాగమైనచో అవి 1, 3, 5 భాగములు. అట్లే 7, 9, 11. బేసిసంఖ్యలు వరుసగా వచ్చును. గెలీలియో ఈ వరుసను చూచి మురిసిపోయెననిన ఆశ్చర్యము లేదు.

కాలము తెలియక ఎత్తు మాత్రమే తెలిసినప్పుడు? దూరము కాలవర్గమునకు 16 రెట్లు, వేగము కాలమునకు 32 రెట్లు. రెండింటినుండి కాలమును తొలగించినచో మిగులు సూత్రమిది. ఎత్తును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 8తో హెచ్చింపవలెను. వచ్చినది సెకండునకు ఇన్ని అడుగుల వేగము. అంతే. మీటర్లలో కావలసినవారు ఎత్తు యొక్క వర్గమూలమును 4.43తో హెచ్చింపవలెను.

బావులకు తిరిగి వత్తము అని శ్రోతలు తొందరపడుచుందురు. 25 వర్గమూలము 5, ఎనిమిది ఐదులు 40. 100 వర్గమూలము 10, ఎనిమిది పదులు 80. నలువదికి ఎనుబది రెండు రెట్లే గదా. సెకండునకు 80 అడుగులనిన గంటకు సుమారు 88 కిలోమీటర్లు. 36 అడుగుల తాటిచెట్టు తలనుండి జారిన తాటికాయ నేలకు చేరునప్పటికి సెకండునకు 48 అడుగులు, అనగా గంటకు 53 కిలోమీటర్ల వేగమున నుండును. నాగార్జునసాగరమునకు దగ్గరనున్న ఎత్తిపోతల జలపాతము సుమారు 70 అడుగులు. గాలి అడ్డు లేనిచో ఆ నీరు క్రింది మడుగును గంటకు 73 కిలోమీటర్ల వేగమున తాకవలెను. నీరు తుంపరలై చెదరును గనుక నిజమైన వేగము కొంత తగ్గును.

ఈ లెక్కలో బావిపని చేయువారు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ ప్రసంగమంతయు దానికొరకే యన్నను తప్పులేదు. వేగములో ఎక్కువ పాలు మొదటి కొద్ది అడుగులలోనే వచ్చును. 64 అడుగుల బావిలో రాయి అడుగునకు చేరునప్పటికి వేగము గంటకు 70 కిలోమీటర్లు. అందులో సగము, అనగా 35 కిలోమీటర్లు, మొదటి 16 అడుగులలోనే వచ్చినది. మిగిలిన సగమునకు ఇంకను 48 అడుగులు పట్టినది. 9 అడుగుల ఎత్తునుండి పడినదియు 26 కిలోమీటర్ల వేగమున తాకును. కావున తట్ట ఇంకను తలపైన కొంచెము ఎత్తుననే యున్నది గదా యనుకొనుటయు, ఈ బావి అంత లోతైనది కాదు గదా యనుకొనుటయు వట్టి భ్రమ. ఎత్తు సగమైనచో వేగము సగము కాదు, నూటికి డెబ్బది పాళ్ళకు మించి మిగిలియే యుండును.

దెబ్బ లెక్క వేరు. పడు రాతిలోని శక్తి వేగమును బట్టి కాక వేగవర్గమును బట్టి యుండును. అందుచేత అది తిరిగి ఎత్తునకు సరిపోవును. కిలో రాయి 36 అడుగులు పడినచో, 36 కిలోల బండ ఒక్క అడుగు పడినప్పుడు దానియందుండు శక్తియే దీనియందును ఉండును. పైగా ఆ శక్తి యంతయు గుప్పెడంత చోట తగులును.

కాలము మాట ఇంకను కఠినమైనది. 36 అడుగులు పడుటకు ఒకటిన్నర సెకండు, 25 అడుగులకు ఒకటింబావు సెకండు మాత్రమే. పైనున్నవాడు రాయి జారుట చూచి, నోరు తెరచి, కేక వేయవలెను. క్రిందనున్న మనిషి ఆ కేక విని, అర్థము చేసికొని, కదలవలెను. కేకకు మాత్రమే అర సెకండు పోవును. విన్న చెవినుండి కాలికి ఆజ్ఞ చేరుటకు పావు సెకండు. తలయెత్తి చూచినచో మిగిలిన కాలమును పోవును. లోతైన బావిలో దెబ్బ గట్టిది. లోతు తక్కువ బావిలో తప్పుకొను వ్యవధి లేదు. కేకను నమ్ముకొనుట కంటె తట్ట పైకి పోవునంతసేపు దాని నిట్టనిలువు క్రింద ఎవరును నిలువకుండుటయు, తలకు గట్టి టోపీ యుండుటయు, గట్టుమీద రాళ్ళు, గడ్డపారలు అంచునకు చేరకుండ చూచుకొనుటయు ఈ లెక్కను నమ్మినవారు చేయవలసిన పనులు. ప్రక్కకు విసరిన రాయియైనను ఇంతే. అడ్డముగా ఎంత వేగమున పోయినను, దిగు కాలములో మార్పు లేదు.

గాలి సంగతి చెప్పక ఈ విషయము పూర్తికాదు. మబ్బు కిలోమీటరు ఎత్తున నున్నదనుకొనినచో, సూత్రము ప్రకారము వానచినుకు నేలకు చేరునప్పటికి గంటకు 500 కిలోమీటర్ల వేగమున నుండవలెను. అట్లయినచో తొలకరి జల్లునకు పైరు నిలుచునా? గొడుగు నిలుచునా? వాస్తవమున మిక్కిలి పెద్ద చినుకు వేగము సెకండునకు 9 మీటర్లు, అనగా గంటకు 32 కిలోమీటర్లు. సన్నని తుంపర గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించదు, మనిషి వడిగా నడచినంత. కారణమేమనగా, వేగము పెరిగినకొలది గాలి అడ్డును పెరుగును. ఆ అడ్డు చినుకు బరువునకు సమానమగునంతవరకే వేగము పెరుగును. పిమ్మట చినుకు అదే వేగమున దిగివచ్చును. పెద్ద చినుకైనను పదుల అడుగులలోనే ఈ స్థితికి వచ్చును. మిగిలిన వందల అడుగులు అది క్రొత్తగా వేగము సంపాదింపదు. ఆకు, దూది, కాగితము మొదలైనవి విడిచిన వెంటనే ఈ స్థితికి చేరును. అరిస్టాటిల్ చూచినదియు ఇదియే. బావి లోతులలో రాతికి, టెంకాయకు ఈ అడ్డు లెక్కింపదగినంతగా ఉండదు గనుక సూత్రము చెల్లును.

దీనికి తార్కాణము ఇంటనే కలదు. పుస్తకమును ఒక చేత, చిన్న కాగితపు ముక్కను ఒక చేత పట్టి విడిచినచో కాగితము వెనుకబడును. అదే కాగితమును పుస్తకముపై నుంచి, అంచు దాటకుండ చూచి, పుస్తకమును బల్లపరుపుగా విడిచినచో రెండును కలిసియే దిగును. పుస్తకము గాలిని త్రోసివైచి కాగితమునకు దారి ఇచ్చును. 1971 ఆగస్టు 2న అపోలో 15 యాత్రికుడగు డేవిడ్ స్కాట్ చంద్రునిపై నిలిచి, ఒక చేతినుండి సుత్తిని, ఒక చేతినుండి డేగ ఈకను ఒక్కసారి విడిచెను. అక్కడ గాలి లేదు. రెండును ఒక్కసారే నేలను తాకెను. చంద్రుని ఆకర్షణ భూమియందలి దానిలో సుమారు ఆరవ వంతు గనుక అవి మెల్లగా దిగెను.

భూమిపై నైనను ఈ 32 అన్నిచోట్ల సరిగా ఒక్కటే కాదు. ధ్రువములవద్ద కొంచెము హెచ్చు, భూమధ్యరేఖవద్ద కొంచెము తక్కువ. 1672లో జాన్ రిషేర్ అను ఫ్రెంచివాడు పారిసునందు సరిగా నడచిన లోలకపు గడియారమును దక్షిణ అమెరికాలోని కయెన్‌కు కొనిపోగా, అది దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడెను. బావి లెక్కలకు ఈ తేడాతో పనిలేదు.

ఈ లెక్కను తిరుగవేసి, రాయి పడిన చప్పుడు వినవచ్చు కాలమును బట్టి బావి లోతు చెప్పుట కొందరికి వేడుక. మూడు సెకండ్లకు చప్పుడు వినబడినచో 16 ఇంటు 9, అనగా 144 అడుగులందురు. ఇందు రెండు పొరపాట్లు కలవు. చప్పుడు పైకి వచ్చుటకును కొంత కాలము పట్టును. ధ్వని వేగము సెకండునకు సుమారు 1,130 అడుగులు. మూడు సెకండ్లలో ఇంచుమించు ఎనిమిదింట ఒక వంతు సెకండు చప్పుడు ప్రయాణమునకే పోవును. దానిని తీసివేసినచో లోతు 133 అడుగులకు దిగును. రెండవది ఇంకను పెద్దది. నోటితో సెకండ్లు లెక్కించువాడు పావు సెకండు అటునిటు తప్పుట సహజము. రెండు సెకండ్లకు విడిన రాతి విషయమున ఆ పావు సెకండు 64 అడుగులను 49కి దింపగలదు, 81కి ఎక్కింపగలదు. బావి లోతు సరిగా కావలసినవారు చేదత్రాడు వదలి కొలుచుకొనుటయే మేలు. లోతు తెలిసినపిదప వేగమును లెక్క చెప్పును.

చేతి చురుకును కొలుచుటకు మాత్రము ఈ లెక్క చక్కగా పనికివచ్చును. ఒకరు 12 అంగుళముల బద్దను నిలువుగా పట్టుకొనవలెను. రెండవవారు దాని క్రింది కొనవద్ద బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని ఎడముగా ఉంచి సిద్ధముగా నుండవలెను. చెప్పకుండ బద్దను విడువగా రెండవవారు పట్టుకొనవలెను. బద్ద మొత్తము జారిపోయినచో వారికి పావు సెకండు పట్టినదన్నమాట. ఎనిమిది అంగుళములవద్ద పట్టినచో సెకండులో అయిదవ వంతు. బావిలో నున్న మనిషికి ఎంత వ్యవధి చాలునో ఈ బద్దను ఒకసారి జారవిడిచినవారికి తెలియును.

చివరగా, చూచుట కాక చెవితో వినదగిన పరీక్ష యొకటి. ఎనిమిదిన్నర అడుగుల సన్నని దారమునకు ఐదు ఇనుప నట్టులు కట్టవలెను. మొదటిది అట్టడుగున. దానినుండి 6 అంగుళములకు రెండవది, 24 అంగుళములకు మూడవది, 54 అంగుళములకు నాలుగవది, 96 అంగుళములకు ఐదవది. అట్టడుగు నట్టు క్రింద బోర్లించిన ఇత్తడి పళ్ళెమును అంటీ అంటకుండునట్లు దారమును నిటారుగా పట్టి విడువవలెను. నట్టుల నడుమ ఎడములు 6, 18, 30, 42 అంగుళములు. 1, 3, 5, 7 అను బేసిసంఖ్యల వరుస. గెలీలియో మాట నిజమైనచో, ఎడములు అంతకంతకు పెరిగినను చప్పుళ్ళు మాత్రము తాళము వేసినట్లు సమముగా వినబడవలెను. రెండవ దారమునకు అవే నట్టులను సమానముగా 24 అంగుళములకు ఒకటి చొప్పున కట్టి విడిచినచో చప్పుళ్ళు రానురాను దగ్గరపడి ఒకదానిమీద నొకటి పరుగెత్తును.

రెండు దారములును, పళ్ళెమును ఈ బల్లపై సిద్ధముగా నున్నవి. బెంచీ యెక్కి దారము పట్టుకొనుటకు పొడవైన బాలుడొకడు కావలెను. చప్పుళ్ళు వినబడునంతవరకు తక్కినవారు నిశ్శబ్దముగా ఉండవలెనని ప్రార్థన.